వెనక వరసలో నిలబడి

రాక్ బృందం ఫొటో ఏదైనా తీసి చూడండి. ముందు గాయకుడుంటాడు. అటూ ఇటూ గిటార్లు పట్టుకున్నవాళ్లు ఉంటారు. డ్రమ్ములు వాయించే మనిషి అందరికన్నా వెనక, తన వాయిద్యాల చాటున సగమే కనిపిస్తాడు. పాట నడక మొత్తం అతని చేతుల్లో ఉంటుంది. అతను తడబడితే ముందున్న నలుగురూ తడబడతారు. అయినా ఆ పాట ఎవరిదని అడిగితే అతని పేరు చెప్పేవాళ్లు తక్కువ. సాగుతున్నంతసేపు ఎవరి కంటా పడకపోవడం, ఆగిన క్షణాన అందరికీ తెలిసిరావడం ఈ పని స్వభావం. ఇలాంటి పనులు మన ఇళ్లలో ఎవరు చేస్తారో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను విడమర్చి చెప్పనక్కరలేదు.

విచిత్రమేమిటంటే ఇంతగా ఇంటిపని లక్షణాలున్న ఈ పనిని రాక్ సంగీతం దాదాపు పూర్తిగా మగవాళ్ల పరం చేసింది. ముందు నిలబడి పాడే ఆడపిల్లను అది మొదటినుంచీ ఒప్పుకుంది. పాడే మనిషిని చూడొచ్చు కదా! డ్రమ్ముల దగ్గరికి వచ్చేసరికి కండబలం కావాలన్నారు, చెమట పడుతుందన్నారు, కాళ్లు ఎడంగా పెట్టి కూర్చుంటే ఏం బావుంటుందన్నారు. 1964లో ‘హనీకూంబ్స్’ అనే ఇంగ్లిష్ బృందానికి హనీ లాంట్రీ డ్రమ్ములు వాయించింది. అంతకుముందు ఆమె హెయిర్‌డ్రెసింగ్ సెలూన్‌లో పనిచేసేది. వాళ్ల పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. అయినా ఆమెను వాయిద్యకారిణిగా కాక, జనాన్ని ఆకర్షించడానికి వేసిన ఎత్తుగా చూసినవాళ్లున్నారు.

ఆ మరుసటి ఏడాది న్యూయార్క్‌లో మరో అమ్మాయి డ్రమ్ముల వెనక్కి వచ్చింది. పేరు మోరీన్ టకర్. అందరూ మో అని పిలిచేవారు. ఆమె వాయించిన బృందం ‘వెల్వెట్ అండర్‌గ్రౌండ్’. బతికున్న కాలంలో ఆ బృందం రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. తర్వాతి తరాల రాక్ సంగీతం మీద మాత్రం దాని ప్రభావం చాలా ఎక్కువ. లూ రీడ్ మీద, జాన్ కేల్ మీద, వాళ్లను చేరదీసిన చిత్రకారుడు ఆండీ వార్హోల్ మీద పుస్తకాలకు పుస్తకాలు ఉన్నాయి. వాటన్నిటిలో మో టకర్ కొన్ని పేజీల్లో వచ్చి వెళ్లిపోతుంది. ఆ కొన్ని పేజీలనూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు ఒక సంగీతకారిణి కథకన్నా ఒక ఉద్యోగిని కథ కనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

మోరీన్ 1944 ఆగస్టులో న్యూయార్క్‌లో పుట్టింది. పెరిగింది లాంగ్ ఐలండ్‌లోని లెవిట్‌టౌన్‌లో. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఒకే అచ్చులో పోసినట్టు వేల ఇళ్లు కట్టిన ఊరు అది. డ్రమ్ములు ఆమెకు ఎవరూ నేర్పలేదు. పందొమ్మిదేళ్ల వయసులో, బో డిడ్లీ రికార్డులు పెట్టుకుని వాటితోపాటు వాయిస్తూ తనంతట తనే నేర్చుకుంది. నైజీరియా నుంచి వచ్చిన బాబాతుండే ఒలాతుంజీ డ్రమ్ములంటే ఆమెకు ప్రాణం. చదువు మధ్యలో ఆపేసి ఐబీఎంలో కీపంచ్ ఆపరేటర్‌గా చేరింది. పగలంతా కార్డులకు రంధ్రాలు కొట్టడం, ఇంటికొచ్చాక డ్రమ్ములు కొట్టడం.

1965 డిసెంబరు 11న న్యూజెర్సీలోని సమిట్ హైస్కూల్లో వెల్వెట్ అండర్‌గ్రౌండ్‌కు మొదటిసారి డబ్బిచ్చే కచేరీ దొరికింది. బృందమంతటికీ కలిపి 75 డాలర్లు. అప్పటిదాకా వాళ్లతో వాయిస్తున్న ఆంగస్ మెక్‌లీస్ ఆ మాట వినగానే వెళ్లిపోయాడు. ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ఆపాలో ఇంకొకరు చెబితే వాయించడం అతనికి సమ్మతం కాదు. కళాకారుడి స్వేచ్ఛకు ఉదాహరణగా ఈ కథను చాలామంది ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు ఆసక్తి మాత్రం ఆ ఖాళీలోకి వచ్చిన మనిషి మీద. ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ఆపాలో ఫ్యాక్టరీ గంటలాగా ఇంకొకరు చెప్పే ఉద్యోగం రోజూ చేస్తున్న అమ్మాయి ఆమె. గిటారిస్టు స్టెర్లింగ్ మోరిసన్‌కు ఆమె అన్న జిమ్ స్నేహితుడు. ‘జిమ్ చెల్లెలు డ్రమ్ములు వాయిస్తుంది’ అని గుర్తొచ్చి పిలిచారు. బృందంలో ఆడవాళ్లుండటం జాన్ కేల్‌కు ఇష్టం లేదు. తాత్కాలికం అనుకునే ఒప్పుకున్నాడు. ఆ తాత్కాలికమే బృందం శబ్దం అయింది.

తాత్కాలికం అన్న మాట మనకు కొత్త కాదు. ఎన్ని కాలేజీల్లో, ఎన్ని ఆఫీసుల్లో మనం ఆ మాట కిందే ఏళ్లకేళ్లు పనిచేయలేదు?

ఆమె వాయించే పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి. మామూలుగా డ్రమ్మరు కూర్చుని వాయిస్తాడు. పెద్ద బేస్ డ్రమ్మును నిలువుగా నిలబెట్టి కాలితో పెడల్ తొక్కుతాడు. చేతులు చిన్న డ్రమ్ముల మీద, సింబల్స్ మీద తిరుగుతుంటాయి. మో టకర్ కూర్చోలేదు. బేస్ డ్రమ్మును పక్కకు పడుకోబెట్టి, దాని ముందు నిలబడి, మెత్తటి తల ఉన్న కర్రలతో పైనుంచి వాయించింది. సింబల్స్ దాదాపు ముట్టుకోలేదు. వాటి మోత మిగతావాళ్ల వాయిద్యాన్ని, గొంతును మింగేస్తుందనేది. డ్రమ్మరు పని కాలం నడపడం, తన విద్య చూపించుకోవడం కాదని ఆమె నమ్మకం. ఆ కాలపు రాక్‌లో డ్రమ్మరు ఒంటరిగా పది నిమిషాలు విజృంభించి చప్పట్లు కొట్టించుకోవడం ఫ్యాషన్. ఆమె ఆ జోలికే పోలేదు.

1966లో న్యూయార్క్‌లోని ‘డామ్’ అనే హాల్లో వార్హోల్ ప్రదర్శనలు జరుగుతున్న రోజుల్లో ఆమె డ్రమ్ములు దొంగతనానికి పోయాయి. కచేరీ ఆపలేదు. వీధిలోని చెత్త డబ్బాలు తెచ్చి, బోర్లించి, వాటి మీద వాయించింది. ఆట అయ్యాక ఆ డబ్బాల కింద రోజూ ఒక చిన్న చెత్తకుప్ప మిగిలేదని తర్వాత ఆమే నవ్వుతూ చెప్పుకుంది. ఉన్నదానితో వెళ్లదీయడం ఆడవాళ్లకు అలవాటేనని మెచ్చుకోవడానికి ఇది చెప్పడం లేదు. ఆ మెచ్చుకోలు మనకు చాలా ఖరీదుకు దొరుకుతుంది. నేను చెప్పేది శబ్దం గురించి. ఆమెకు కావలసిన శబ్దం చెత్తడబ్బాలోంచి కూడా వచ్చేంత సూటిగా ఉండేది.

ఆమె వాయిద్యాన్ని విమర్శకులు రెండు మాటల్లో తేల్చారు. ఒకటి ‘సరళం’. రెండు ‘ఆదిమం’. మెచ్చుకున్నవాళ్లూ ఈ మాటలే వాడారు, కొట్టిపారేసినవాళ్లూ ఇవే వాడారు. ఇలాంటివి చదివినప్పుడల్లా మన రచయిత్రుల మీద వచ్చిన సమీక్షలు గుర్తొస్తాయి. మగవాడు క్లుప్తంగా రాస్తే అది సంయమనం. అదే క్లుప్తత ఆమెదైతే ‘సహజంగా వచ్చేసింది’ అంటారు. ఆలోచించి, కొన్నిటిని వద్దనుకుని, మిగిలినదాన్ని నిలబెట్టడం పని అవుతుందని, ఆ పనికి బుద్ధి కావాలని ఒప్పుకోవడానికి ఇష్టపడరు. ‘సిస్టర్ రే’ అన్న పాట 17 నిమిషాలకు పైగా సాగుతుంది. 1968 నాటి రికార్డు అది. ఒక్కసారే వాయించి రికార్డు చేశారు. గిటార్లూ ఆర్గనూ ఒకదాన్ని మించి ఒకటి గట్టిగా అరుచుకుంటూ పోటీపడుతుంటాయి. ఆ గోల అంతా విడిపోకుండా పట్టుకున్నవి రెండు చేతులు. దాన్ని సరళం అనండి, నాకు అభ్యంతరం లేదు. తేలిక అనకండి.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పుకోవాలి. తాళవాద్యం ఆడవాళ్లది కాదన్నది అమెరికాకే పరిమితమైన నమ్మకం కాదు. ఏలూరులో పుట్టి మృదంగ విదుషిగా పేరు తెచ్చుకున్న నిడుమోలు సుమతి గారికి 2021లో పద్మశ్రీ వచ్చేనాటికి ఆమెకు డెబ్భై ఏళ్లు. ఘటం వాయించే సుకన్యా రాంగోపాల్ గారు, తమ పక్కన ఒక స్త్రీ వాయించడం ఇష్టంలేక వేదిక పంచుకోని విద్వాంసుల గురించి చెప్పారు. వీళ్లు సంప్రదాయం లోపల ఉండి, దాని లెక్కలన్నీ తమకూ వచ్చని రుజువు చేసి చోటు సంపాదించారు. మో టకర్ చేసింది వేరు. లెక్కలు రానిదాన్నని తనే చెప్పుకుని, తనకు వచ్చిన పద్ధతిలోనే నిలబడింది. రెండూ కష్టమైన దారులే. ఒక దారిని మెచ్చుకోవడానికి ఇంకోదాన్ని తగ్గించనక్కరలేదు.

ఆ బృందంలో కొంతకాలం ఇద్దరు స్త్రీలున్నారు. రెండో ఆమె నీకో. జర్మనీలో పుట్టిన మోడల్, నటి. బృందం అందంగా కనబడటం లేదని ఆమెను తెచ్చిపెట్టారు. 1967లో వచ్చిన మొదటి రికార్డుకు ‘ది వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అండ్ నీకో’ అని పేరు పెట్టారు. ఒకే వేదిక మీద ఇద్దరు స్త్రీలు. ఒకరు తెల్లటి దుస్తుల్లో వెలుగులో నిలబడితే, ఇంకొకరు ప్యాంటూ చొక్కా వేసుకుని పొట్టి జుట్టుతో వెనక చీకట్లో నిలబడేది. ఆ డ్రమ్ములు వాయించేది అబ్బాయా అమ్మాయా అని ప్రేక్షకులు తికమకపడేవారట. నీకో చూపులకు పనికొచ్చింది, మో చేతులకు పనికొచ్చింది. నీకో తర్వాత తన పాటలు తనే రాసుకుని హార్మోనియంతో పాడింది. అయినా ఆమెను అందం దాటి వినడానికి లోకానికి చాలాకాలం పట్టింది. కనిపించడమూ కనిపించకపోవడమూ రెండూ స్త్రీకి ఉచ్చులే కావడం ఈ జంటలో చూసినంత స్పష్టంగా నేను ఇంకెక్కడా చూడలేదు.

మూడో ఉచ్చు ఇంకొకటి ఉంది. కారెన్ కార్పెంటర్ స్కూలు బ్యాండులో డ్రమ్ములతో మొదలుపెట్టింది. పాడే డ్రమ్మర్‌నని తనను తాను చెప్పుకునేది. గొంతు పాటలు అమ్మిపెట్టడం మొదలయ్యాక ఆమెను డ్రమ్ముల వెనకనుంచి లాగి ముందు నిలబెట్టారు. చాటు పోయింది. చూపుల ముందు శరీరం మిగిలింది. తిండి మానేసే జబ్బుతో గుండె దెబ్బతిని 1983 ఫిబ్రవరిలో, 32 ఏళ్లకే చనిపోయింది. ఒక్క కారణానికి ఒక చావును కట్టిపడేయడం న్యాయం కాదు. కానీ డ్రమ్ముల చాటు ఆమెకు ఏమిచ్చేదో ఎవరూ అడగకుండానే తీసేసుకున్నారన్నది నిజం.

మో టకర్‌ను ముందుకు లాగిన సందర్భం ఒకటి ఉంది. 1969 నాటి మూడో రికార్డు చివర్లో ‘ఆఫ్టర్ అవర్స్’ అనే చిన్న పాట ఉంది. రాసింది లూ రీడ్. తన గొంతులో ఆ పాటను ఎవరూ నమ్మరని ఆమెతో పాడించాడు. ఆమెకు ఎంత బెరుకంటే స్టూడియోలోంచి మిగతావాళ్లను బయటికి పంపేదాకా పాడలేకపోయింది. ఎనభైల్లో యూనివర్సిటీ హాస్టల్లో ఒక స్నేహితురాలి టేప్‌రికార్డర్‌లో నేను మొదట విన్నది ఈ పాటే. సంగీతం నేర్చుకోని గొంతు. పక్కింటి అమ్మాయి వంటింట్లో పాడుకుంటున్నట్టు ఉంది. ఎవరీమె అని అడిగితే, ‘డ్రమ్ములు వాయించే ఆవిడ’ అంది నా స్నేహితురాలు. డ్రమ్ములు వాయించే ఆవిడ ఉంటుందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

వాళ్ల మొదటి రికార్డులో ‘హెరాయిన్’ అనే పాట ఉంది. మత్తు ఒంట్లోకి ఎక్కుతున్నకొద్దీ పాట వేగం పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. డ్రమ్ముల దెబ్బ గుండె కొట్టుకున్నట్టే ఉంటుంది. చివరికి వస్తుండగా ఆ దెబ్బ ఉన్నట్టుండి ఆగిపోతుంది. వయోలా, గిటార్లు కీచుమంటూనే ఉంటాయి. కాసేపటికి డ్రమ్ము మళ్లీ అందుకుంటుంది. తెలియనివాళ్లకు అది కావాలని పెట్టిన విరామంలాగే వినిపిస్తుంది. అసలు జరిగింది మో టకర్ చెప్పింది. మిగతావాళ్ల హోరులో పాట ఎక్కడుందో ఆమెకు వినబడలేదు. తను ఆపితే వాళ్లూ ఆపుతారు, మళ్లీ మొదటినుంచి వాయించవచ్చు అనుకుని ఆపింది. వాళ్లు ఆపలేదు. ఆమె లేకుండానే వెళ్లిపోయారు. ఇక ఆమే వాళ్లను వెతుక్కుని మళ్లీ కలిసింది. రికార్డులో అది అలాగే ఉండిపోయింది.

నేను పాతికేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పాను. ఎంపిక కమిటీల్లో కూర్చుని చాలా బయోడేటాలు చూశాను. ఆడవాళ్ల బయోడేటాల్లో ఇలాంటి ఖాళీలు ఉంటాయి. 1996 తర్వాత 2003 వస్తుంది. ‘ఈ ఏడేళ్లూ ఏం చేశారు?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం ఎలా మారుతుందో కూడా ఎన్నోసార్లు చూశాను. ఆమె ఆగితే మిగతావాళ్లూ ఆగుతారనుకుందా లేదా అన్నది ఎవరూ అడగరు.

మో టకర్ జీవితంలో ఆ ఖాళీ 1970లో వచ్చింది. ఆ ఏడాది బృందం నాలుగో రికార్డు ‘లోడెడ్’ తయారవుతోంది. ఆమె గర్భిణి. స్టూడియోలో డ్రమ్ములు వాయించే స్థితిలో లేదు. బృందం ఆగలేదు. డగ్ యూల్, స్కూలు వయసు దాటని అతని తమ్ముడు బిల్లీ, స్టూడియో ఇంజనీరు, బయటనుంచి తెచ్చిన ఇంకో డ్రమ్మరు తలాకాస్త వాయించి రికార్డు పూర్తి చేశారు. ఆ వేసవంతా ‘మ్యాక్సెస్ కాన్సాస్ సిటీ’ క్లబ్బులో జరిగిన కచేరీలకూ బిల్లీయే వాయించాడు. ఒక్క మనిషి చేసే ‘సరళమైన’ పనికి నలుగురు కావలసివచ్చింది.

అయితే ఆ రికార్డు అట్ట మీద డ్రమ్ములకు మోరీన్ టకర్ పేరే ఉంది! ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలనిపిస్తుంది. చరిత్రలో మనకు అలవాటైనది పని ఉండి పేరు లేకపోవడం. తండ్రి పుస్తకానికి సాఫుప్రతి రాసిన కూతురు, భర్త పరిశోధనకు సమాచారం పోగుచేసిన భార్య, వీళ్లను వెతికి పట్టుకోవడమే మన పరిశోధన సగం. ఇక్కడ తలకిందులుగా పేరుంది, పని లేదు. అది గౌరవమా, అలవాటా, ఒప్పందాల సంగతా అన్నది పక్కన పెడదాం. పేరు ఉంచడం సులువు. ఆమె వచ్చేదాకా ఆగడం కష్టం. పేరు ఉంచారు, ఆగలేదు. ప్రసూతి సెలవు ఇచ్చి, తిరిగొచ్చేసరికి కుర్చీ మార్చేసే ఆఫీసులు చేసేది కూడా ఇదే.

మా అక్క సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. డెబ్భైల్లో తను హైదరాబాదులో ఒక ఆఫీసులో పంచ్ ఆపరేటర్‌గా పనిచేసింది. కార్డుకు 80 నిలువు వరసలు. ఒకరు కొట్టిన కార్డును ఇంకొకరు అవే అంకెలు మళ్లీ కొట్టి సరిచూసేవారు. తప్పు పడితే కార్డు పారేసి కొత్తది కొట్టాలి. ఆ గదిలో అందరూ ఆడవాళ్లేనట. రెండో కాన్పు తర్వాత పిల్లల్ని చూసుకునే దిక్కులేక అక్క మానేసింది. మళ్లీ ఉద్యోగానికి వెళ్లేసరికి పద్నాలుగేళ్లు గడిచాయి. కార్డులూ లేవు, ఆ మెషీన్లూ లేవు. ఒక చిన్న కంపెనీలో బిల్లులు రాసే పనికి చేరింది. పాత అనుభవం లెక్కలోకి రాదని చేరిన రోజే చెప్పారు.

మో టకర్ ఐబీఎంలో పంచింగ్ చేసేదని చెప్పి, ఒకరోజు అక్కకు ‘సిస్టర్ రే’ కొంచెం వినిపించాను. రెండు నిమిషాలకే చెవులు మూసుకుంటుందనుకున్నాను. కళ్లు మూసుకుని వింది. ‘గిటార్ల గోల నాకెందుకు గానీ, ఆ వెనకాల కొట్టే ఆవిడ చెయ్యి చూడవే. మా గదిలో నలభై మెషీన్లు ఒక్కసారి నడుస్తుంటే ఇలాగే ఉండేది. పక్కవాళ్ల చప్పుడు పట్టించుకున్నావంటే నీ కార్డు పోయినట్టే’ అంది. మో టకర్ మీద నేను చదివిన విమర్శలన్నిటిలోకీ ఆమె పని తెలిసిన మాట ఇదేననిపించింది.

బిడ్డ పుట్టాక మో టకర్ కొంతకాలం బృందంతో తిరిగింది. అప్పటికే లూ రీడ్ వెళ్లిపోయాడు. 1973లో ఆ పేరుతో వచ్చిన రికార్డులో ఆమె లేదు. తర్వాత అరిజోనా, ఆ తర్వాత జార్జియాలోని డగ్లస్ అనే చిన్న ఊరు. అయిదుగురు పిల్లలు. విడాకులు. వాల్‌మార్ట్‌లో ఉద్యోగం. ఈ భాగాన్ని సంగీత చరిత్రకారులు సాధారణంగా ఒక వాక్యంలో దాటేస్తారు, ‘సంగీతానికి దూరమై కుటుంబ జీవితంలో స్థిరపడింది’ అని. స్థిరపడటం! అయిదుగురు పిల్లల్ని ఒక్క జీతం మీద పెంచడాన్ని ఇంతకన్నా అన్యాయమైన మాటతో చెప్పలేరు.

దూరమైందన్నదీ నిజం కాదు. 1981లో ‘ప్లేయిన్ పాసమ్’ అనే రికార్డు తెచ్చింది. ఇంట్లోనే తయారు చేసుకుంది. వాయిద్యాలన్నీ తనే వాయించుకుంది. ఎనిమిదేళ్లకు 1989లో ‘లైఫ్ ఇన్ ఎక్సైల్ ఆఫ్టర్ ఆబ్డికేషన్’ వచ్చింది. సింహాసనం వదులుకున్నాక ప్రవాసంలో బతుకు అని దాని అర్థం. రాణులు వాడవలసిన ఈ మాటను రోజుకూలి మీద బతికే తల్లి తన రికార్డుకు పెట్టుకోవడంలోని వెటకారం చూడండి. అందులో ‘స్పామ్ అగైన్’ అనే పాట ఉంది. స్పామ్ అంటే డబ్బాల్లో అమ్మే చవక మాంసం. నెలాఖరుకు జీతం చాలక మళ్లీ అదే వండుకునే ఇంటి పాట అది. ‘వర్క్’ అనే పాట కూడా ఉంది. పాతికేళ్ల కిందట మత్తుమందుల గురించి, నగరపు చీకటి గురించి పాడితే ధైర్యం అన్నారు. ఒంటరి తల్లి సరుకుల లెక్క గురించి పాడటానికి కావలసిన ధైర్యాన్ని అదే నోటితో మెచ్చుకున్నవాళ్లు తక్కువ. ఈ రికార్డులో లూ రీడ్ వాయించాడు, సోనిక్ యూత్ బృందంలోని వాళ్లూ వాయించారు. ఒకప్పుడు వాళ్ల వెనక నిలబడిన మనిషి వెనక ఈసారి వాళ్లు నిలబడ్డారు. 1991లోనూ 1994లోనూ మరో రెండు రికార్డులు చేసింది. మధ్యలో 1993లో పాత నలుగురూ కలిసి యూరప్ అంతా తిరిగి వాయించారు. అమెరికా పర్యటన మొదలవకముందే రీడ్, కేల్ మళ్లీ పోట్లాడుకున్నారు. 1995లో స్టెర్లింగ్ మోరిసన్ చనిపోయాడు. 1996లో బృందాన్ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నప్పుడు ఆహ్వాన ప్రసంగం చేసింది పాటీ స్మిత్. మిగిలిన ముగ్గురూ చనిపోయిన మిత్రుడి కోసం ఒక కొత్త పాట పాడారు.

ఇక్కడితో ఆపితే కథ మనకు హాయిగా ఉంటుంది. కానీ 2009లో జార్జియాలోని టిఫ్టన్‌లో జరిగిన టీ పార్టీ సభకు మో టకర్ వెళ్లింది. స్థానిక టీవీ ఆమెను ఎవరో తెలియకుండానే పలకరించింది. దేశాన్ని సోషలిజం వైపు నడిపిస్తున్నారని ఆమె కోపంగా చెప్పింది. మరుసటి ఏడాది ఆ దృశ్యం అభిమానుల కంటపడింది. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అంటే తిరుగుబాటు అనుకున్నవాళ్లకు తలకొట్టేసినట్టయింది. కొందరు ఆమె గురించి, చనిపోయిన మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడారు.

ఆమె రాజకీయాలు నావి కావు. తక్కువ జీతం మీద పిల్లల్ని పెంచిన స్త్రీ, ప్రభుత్వం పేదలకు చేసే ఖర్చు మీద కోపం పెంచుకోవడం నాకు బాధగానే ఉంటుంది. ఆ కోపం ఎక్కడినుంచి వస్తుందో అడగాలనిపిస్తుంది. ఎవరూ ఆగనిచోట తనంతట తను నిలదొక్కుకున్న మనిషికి, నిలబెట్టే వ్యవస్థ ఒకటి ఉండొచ్చని నమ్మకం కలగకపోవచ్చు. ఇది నా ఊహ మాత్రమే. ఆమె తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు. నేను అడిగేది మనల్ని. మరుగునపడ్డ స్త్రీలను వెలికితీస్తున్నప్పుడు, వాళ్లు మనలాగే ఆలోచించేవాళ్లయితేనే వెలికితీస్తామా? మన అభిప్రాయాలతో ఏకీభవించినంతవరకే ఆమె శ్రమకు పేరు పెడతామా? అలాగైతే మనం చేసేది చరిత్ర రచన కాదు, ఊరేగింపు. ఆమెతో వాదించవచ్చు, గట్టిగా వాదించాలి కూడా. కానీ ‘సిస్టర్ రే’ని 17 నిమిషాలు నిలబెట్టిన చేతులు ఆమెవే. ఆ సంగతి 2009లో మారిపోదు.

లూ రీడ్ 2013లో చనిపోయాడు. 2021లో టాడ్ హేన్స్ తీసిన డాక్యుమెంటరీలో మో టకర్ తన మాటలతో కనిపిస్తుంది. నిలువుగా ఎక్కే నిచ్చెనను మాత్రమే కెరీర్ అనుకుంటే ఆమెది కెరీరే కాదు. ఆరేడేళ్లు వాయించింది, మానేసింది, పదేళ్లకు ఇంట్లో కూర్చుని వాయించింది, మళ్లీ పని, మళ్లీ రికార్డు, మళ్లీ మౌనం. మన సంగీతంలో లెక్క వేరేగా ఉంటుంది. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు. వాటిలో చేత్తో చప్పుడు చేసేవి మూడే. మిగతా అయిదూ వేళ్లు ముడుస్తూ, అరచెయ్యి తిప్పుతూ నిశ్శబ్దంగా లెక్కపెట్టేవి. వాటిని వదిలేస్తే తాళం తాళం కాదు. సంగీతం తెలిసినవాళ్లెవరూ ఆ అయిదింటినీ ఖాళీలు అనరు, నిశ్శబ్ద క్రియలు అంటారు.

మన విశ్వవిద్యాలయాలు, ఆఫీసులు ఆ మాట నేర్చుకోవడానికి ఇంకెంతకాలం పడుతుందో తెలియదు. ఈలోగా కమిటీల్లో కూర్చునే అవకాశం దొరికిన మనం ఒక పని చేయవచ్చు. ‘ఈ ఏడేళ్లూ ఏం చేశారు?’ అన్న ప్రశ్న పక్కవాళ్ల నోట వచ్చినప్పుడు, ‘ఈ ఏడేళ్లూ ఆమె కోసం ఎవరైనా ఆగారా?’ అని మనం అడగాలి. జవాబు మనకు తెలిసినదే. అయినా అడిగి, మినిట్స్‌లో రాయించాలి.